గోరంత డబ్బాల ఏం పెట్టాలె: క్యాజువల్ గేమ్ థంబ్‌నెయిల్ ఎక్కడ దెబ్బతింటది

నెలల కొద్ది కూసొని గేమ్ తయారు చేసేటోళ్లు చాలమంది థంబ్‌నెయిల్ (స్టోర్ల గేమ్‌కు గుర్తుగ కనవడే చిన్న బొమ్మ) మాత్రం అప్‌లోడ్ చేసే రోజు రాత్రి చేస్తరు. గేమ్‌ల ఉన్న మంచి సీన్ ఒకటి స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద హీరో బొమ్మ అతికించి, పైన పేరు రాసి, ఖాళీ మిగిలిన మూలల్ల నాలుగు నాణేలు చల్లి, ఇగ అయిపోయిందనుకుంటరు. మానిటర్ మీద పెద్దగ చూస్తే అది బాగనే ఉంటది, అసలు చిక్కు అక్కడ్నే ఉంది, ఎందుకంటే దాన్ని అంత పెద్దగ చూసేది చేసినాయన ఒక్కడే. మిర్యాలగూడ బస్టాండ్ల నిలవడి స్టోర్‌ను పైకి జరుపుకుంట పోయే మనిషికి అది వేలి గోరంతనే కనిపిస్తది, అదీ పక్కన ఇంకో పది గోరంత బొమ్మల నడుమ.

ఆ గోరంత డబ్బ చెప్పాల్సిన ముచ్చట ఒక్కటే: ఈ గేమ్‌ల నీ వేలు ఏం చేస్తది? కోసుడా, పేర్చుడా, విసురుడా, జరుపుడా, ఉరుకుడా. క్యాజువల్ గేమ్ అంటే టైంపాస్‌కు ఆడే సులువు ఆట, అది ఆడేటోళ్లకు కథతోని పెద్దగ పని ఉండది, హీరో పేరేందో తెల్వకుండనే ఏడాది ఆడుతరు, గని వేలికి దొరికిన పని నచ్చకపోతే రెండు నిమిషాల్ల తీసేస్తరు. థంబ్‌నెయిల్‌ల ఆ పని కనవడితే బొమ్మ అంతంత మాత్రం ఉన్నా నడుస్తది, కనవడకపోతే ఎంత గొప్ప పెయింటింగ్ అయినా దండగనే.

ముందుగాల సైజులు చూద్దాం. గూగుల్ ప్లే 512 బై 512 పిక్సెళ్ల ఐకాన్ అడుగుతది, దానితోపాటు 1024 బై 500 ఫీచర్ గ్రాఫిక్, అంటే గేమ్‌ను పరిచయం చేసే అడ్డం బొమ్మ. ఆపిల్ ఐకాన్ 1024 బై 1024. చిన్న డెవలపర్లు గేమ్‌లు పెట్టే ఇచ్.ఐఓ సైట్ల కవర్ 630 బై 500 ఉంటే మంచిది. కంప్యూటర్ గేమ్‌ల స్టోర్ స్టీమ్ల వీటిని క్యాప్సూల్ అంటరు, నిలువు ఒకటి, అడ్డం ఒకటి, సెర్చ్‌ల కనవడే సన్న పట్టీ ఒకటి, ఇట్ల చాన రకాలుంటయి. ఇవన్ని అప్‌లోడ్ చేసే సైజులు, కనవడే సైజు వేరే. ఆండ్రాయిడ్ల లాంచర్ ఐకాన్, అంటే ఫోన్ స్క్రీన్ మీద యాప్‌కు కనవడే బొమ్మ, దాని లెక్క షురూ అయ్యేదే 48 పిక్సెళ్ల కెల్లి. పైంగ 2017ల ఆండ్రాయిడ్ 8 వచ్చినప్పటి నుంచి అడాప్టివ్ ఐకాన్ అని పెట్టిండ్రు, 108 యూనిట్ల బొమ్మ ఇస్తే నడుమ 66 యూనిట్లకే గ్యారెంటీ, మిగతాది ఒక ఫోన్ గుండ్రంగ కోస్తది, ఇంకో ఫోన్ మూలలు తిప్పి కోస్తది. ప్లే స్టోర్ గూడ మూలలు తనే గుండ్రంగ చేసి నీడ తనే వేస్తది, మనం ముందే మూలలు కోసి పంపితే రెండుసార్లు కోసినట్టయి అంచుల తెల్ల ముక్కలు తేలుతయి, స్టోర్ల ఇప్పటికి గూడ ఇట్లాంటివి మస్తు కనిపిస్తయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ అనుకుందాం. నల్లగొండ పిలగాడు ఒకాయన నాగార్జునసాగర్ గేట్లు ఎత్తుడు మీద పజిల్ గేమ్ చేసిండు. వరద వచ్చినప్పుడు ఏ గేటు ఎంత ఎత్తాలె, కుడి దిక్కు జవహర్ కాలువకు ఎంత ఇడవాలె, ఎడమ దిక్కు లాల్ బహదూర్ కాలువకు ఎంత ఇడవాలె, అదీ ఆట. ఐకాన్ అనంగనే ఫస్టు వచ్చే ఆలోచన డ్యామ్ మొత్తం చూపెట్టుడు, ఎందుకంటే సాగర్ అందమే అది, 26 గేట్లు తెరిచి నీళ్లు దుంకుతుంటే చూడనీకె హైదరాబాద్ కెల్లి జనం కార్లేసుకొని వస్తరు. గని 26 గేట్లను 48 పిక్సెళ్ల వెడల్పుల ఇరికిస్తే ఒక్కో గేటుకు రెండు పిక్సెళ్లు గూడ రావు. నడుమ పిల్లర్లకు జాగ ఏడికెల్లి తేవాలె? చివరికి బూడిదరంగు గీతలే మిగులుతయి, ఇది డ్యామ్ అని పక్కన నిలవడి చెప్తేగని తెల్వది.

అదే గేమ్‌కు ఒక్కటే గేటు గీస్తే? డబ్బ నిండ ఒక్క గేటు, సగం లేచి ఉంది, కిందికెల్లి తెల్లటి నీళ్లు మన మీదికే వస్తున్నయి, పైన ఒక బొద్దు చెయ్యి గొలుసు పట్టి గుంజుతుంది. ముదురు నీలం మీద తెలుపు, అంతే. దీంట్ల సాగర్ లేదు, నందికొండ గుట్టలు లేవు, గని గేటు ఎత్తాలె నీళ్లు ఇడవాలె అనే పని మాత్రం ఉంది. మిగతా అందం అంత స్క్రీన్‌షాట్లకు ఉంచుకోవచ్చు, అక్కడ జాగ ఉంటది.

గేటు సగమే లేచి ఉండుడు గూడ ఊరికె కాదు. పూర్తిగ లేచిందంటే పని అయిపోయింది, మూసి ఉందంటే ఇంక షురూ కాలేదు, సగంల ఆగిన పనిని చూస్తేనే చెయ్యి గుంజుతది. గోటీలాట అయితే గోటీకి గోటీ తగలబోయే ముందటి బెత్తెడు దూరం గీయాలె, చిర్రగోనె అయితే చిర్ర గాల్లకు లేచి ఇంక గోనె తగలని క్షణం. అష్టా చెమ్మా అయితే మరీ మంచిది: మూడు గవ్వలు ఎల్లకిల పడ్డయి, నాలుగోది ఇంక గాల్ల తిరుగుతుంది. ఆడినోళ్లకు ఆ బొమ్మ చూస్తే చాలు, అది గూడ ఎల్లకిల పడితే చెమ్మ అని నోట్లకెల్లి మాట వచ్చేస్తది. ఆడనోళ్లకు గూడ ఏదో ఒకటి పడబోతుంది అని తెలుస్తది.

మన దిక్కు డిజైన్ పని చేసే పిల్లలు కొంతమంది ఫ్లెక్సీ షాపులకెల్లి వచ్చినోళ్లు, ఫొటోషాప్, కోరల్ డ్రా చేతికి అలవాటయ్యింది అక్కడ్నే. ఫ్లెక్సీల ఒక్క లీడర్ ఫొటో తగ్గినా పంచాయితీ అయితది, కాబట్టి పైన పెద్దోళ్లు, కింద మండలం లీడర్లు, పక్కన యువజన సంఘం పోరలు, ఖాళీ అనేది దొరకనియ్యరు. ఆ చేతి అలవాటు ఐకాన్ల కూడ వస్తే హీరో, విలన్, నాణేలు, బాంబు, స్టార్లు, పేరు అన్ని ఎక్కి కూసుంటయి. గేమ్‌ల బొమ్మలు ఎవరూ అలగరు, మొహమాటం లేకుండ తీసెయ్యొచ్చు. తీసేసుకుంట పోయి, ఇంకొక్కటి తీస్తే ఆటనే అర్థం కాదు అనే కాడ ఆగాలె.

మొఖాల సంగతి వేరే. ఫిన్లాండ్ కంపెనీ రోవియో 2009ల తెచ్చిన యాంగ్రీ బర్డ్స్‌ల ఎర్ర పిట్టను చూస్తే, గుండ్రటి ఎర్ర ఒళ్లు, పసుపు ముక్కు, నడుమ కలిసిన రెండు మందపు నల్లటి కనుబొమలు, ఐకాన్ల అంతకు మించి ఏం లేదు. ఎంత చిన్నగ చేసినా ఆ కనుబొమల వంపు పోదు, కోపం పోదు. అదే దేశపు సూపర్‌సెల్ 2012ల క్లాష్ ఆఫ్ క్లాన్స్‌కు నోరు తెరిచి ఒర్రే పసుపు మీసాల మొఖం పెట్టింది, ఆ తర్వాత స్టోర్ల ఎటు చూసినా నోరు తెరిచిన మొఖాలే. ఇప్పుడు కొత్త గేమ్ గూడ అదే పెడితే గుంపుల గోవింద. ఆటల మనిషో జంతువో ఉండి దాన్నే ఆడిస్తుంటే మొఖం పెట్టొచ్చు, పలకలు జరిపే పజిల్‌కు పిల్లి మొఖం పెడితే లోపటికి వచ్చినోళ్లు పిల్లిని ఎతుకుతరు.

రంగుల కాడ మనకున్న ఇబ్బంది ఏందంటే మనకు రంగులు ఎక్కువ. బతుకమ్మ పేర్చే గేమ్ ఒకటి అనుకుంటే, తంగేడు పసుపు, గునుగు తెలుపు, ఆ గునుగుకే అద్దిన గులాబీ, ఊదా, పచ్చ, నడుమ బంతి నారింజ, కట్లపూల నీలం, పైన గుమ్మడి పువ్వుల గౌరమ్మ. ఎదురుంగ చూస్తే కన్ను తిప్పబుద్ధి కాదు, 48 పిక్సెళ్లకు తెస్తే మొత్తం కలిసి మురికి గోధుమరంగు పడ్తది. గీసినోళ్ల తప్పేం లేదు, బొమ్మను చిన్నగ చేసేటప్పుడు కంప్యూటర్ పక్కపక్క పిక్సెళ్ల రంగులను సగటు తీస్తది, ఎదురెదురు రంగులు ఎన్ని పక్కపక్కన ఉంటే ఆ సగటు అంత బూడిదకు దిగుతది. కాబట్టి మూడు వరుసలు చాలు, కింద పసుపు, నడుమ తెలుపు, మీద గులాబీ, ఒక్కో వరుస మందంగ, ఎనుక ముదురు నీలం సాదాగ, మీది వరుసల ఒక్క పువ్వు జారి పడబోతున్నట్టు. నిజం బతుకమ్మకు ఇది ఏ మూలకు సరిపోదు, నిజమే, గని బతుకమ్మ అని గుర్తుపట్టేది ఆ మెట్లుమెట్ల ఆకారాన్ని చూసి, పూల లెక్క చూసి కాదు.

పోచంపల్లి ఇక్కత్ డిజైన్‌ను బ్యాక్‌గ్రౌండ్ల పెట్టాలని గూడ చాలమందికి ఆశ ఉంటది. ఇక్కత్‌ల నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తరు కాబట్టి డిజైన్ అంచు కొంచెం చెదిరినట్టు వస్తది, చీర మీద దాని అందమే అది, ఐకాన్ల మాత్రం చెదిరిన అంచు అంటే మసక అనే అర్థం. ఒక్క డైమండ్ ఆకారం తీసుకొని పెద్దగ, అంచు గట్టిగ గీస్తే పనికొస్తది, కొంగు మొత్తం పరిస్తే పనికిరాదు.

రంగు తీసేసి చూసుడు గూడ చేయాలె. బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేస్తే ముఖ్యమైన వస్తువు బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడిగ కనవడాలె. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన రంగుల్ల కొట్టొచ్చినట్టుంటయి, బ్లాక్ అండ్ వైట్ల చాలాసార్లు రెండూ ఒకటే బూడిద అయితయి. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ తెల్వని మగోళ్లు తక్కువేం లేరు, వాళ్లకు రంగుల్ల గూడ దగ్గరదగ్గర అట్లనే కనిపిస్తది. ఇంకోటి, ప్లే స్టోర్ కొందరి ఫోన్ల తెల్లగ ఉంటది, డార్క్ మోడ్ పెట్టుకున్నోళ్లకు నల్లగ ఉంటది, తెల్ల అంచు ఐకాన్ ఒకదాంట్ల కరిగిపోతది, నల్ల అంచుది ఇంకోదాంట్ల. నడిమి రకం గట్టి రంగు అంచుల ఉంటే రెండిట్ల బతుకుతది.

ఇగ రాతలు. ఐకాన్ మీద గేమ్ పేరు రాసుడు వద్దు, పక్కనే స్టోర్ రాస్తది. ఫీచర్ గ్రాఫిక్ మీద, స్టీమ్ క్యాప్సూల్ మీద పేరు తప్పదు, అక్కడ తెలుగుల రాసేటోళ్లకు వేరే లెక్కొకటి ఉంది. మన అక్షరానికి మీద గుడి, ఏత్వం వస్తయి, కింద ఒత్తు దిగుతది, అంటే ఒక్క లైన్ పేరుకు మూడంతస్తుల ఎత్తు కావాలె, దొరికిన పట్టీల అదంత పట్టియ్యాలంటే నడుమ ఉన్న అసలు అక్షరం చిన్నదైతది. గోటీలు అని రాస్తే కిందికి ఏం దిగది, పెద్దగ రాయొచ్చు. అష్టా చెమ్మా అంటే రెండు ఒత్తులు దిగుతయి, అదే ఎత్తుల పేరు చిన్నగ వస్తది, ఆ ఒత్తులు స్టీమ్ సన్న పట్టీల చుక్కలైపోతయి. అందుకని ఆట పేరు మార్చే పని లేదు, లోగోను ఫాంట్‌తోని కొట్టకుండ చేత్తోని గీయించి, ఒత్తులను జర పక్కకు జరిపి లావు చేస్తే సరిపోతది. ఫాంటే వాడాలంటే గూగుల్ ఫాంట్స్‌ల ఉచితంగ దొరికే రామభద్ర లాంటి లావుది తీసుకోవచ్చు, అది హెడ్డింగులకు, పోస్టర్లకు చేసిందే.

ఏది పడితే అది రాయనీకె గూడ లేదు. గూగుల్ 2021ల చెప్పిన పాలసీ ప్రకారం ఐకాన్ల, పేరుల "నంబర్ వన్", "బెస్ట్", "ఫ్రీ" లాంటివి పెట్టొద్దు, పేరు 30 అక్షరాలు దాటొద్దు. స్టీమ్ అయితే 2022 సెప్టెంబర్ 1 కెల్లి క్యాప్సూల్ మీద బొమ్మ, గేమ్ పేరు, ఉంటే సబ్‌టైటిల్ తప్ప రివ్యూ మార్కులు, అవార్డులు, డిస్కౌంట్ రాతలు ఏవీ వద్దని కట్టడి చేసింది. చాలమంది డెవలపర్లు దీని మీద గొణిగిండ్రు గని చూడబోతే ఇది చిన్నోళ్లకే లాభం, అవార్డులు తగిలించుకునేటోళ్ల పక్కన ఖాళీ డబ్బతోని నిలవడే గతి తప్పింది.

థంబ్‌నెయిల్‌ను ఒంటిగ చూసి మంచిదో చెడ్డదో చెప్పలేం, పక్కన ఎవరున్నరనేది సగం పని చేస్తది. ముంబై దిక్కు కంపెనీ గేమెషన్ 2016ల తెచ్చిన లూడో కింగ్ అంత హిట్టయినంక, లూడో అని సెర్చ్ కొడితే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, ఒక పాచిక, వరుస మొత్తం ఇదే. కొత్త గేమ్ అవే నాలుగు రంగులు వాడితే లూడో అని తెలుస్తది గని ఏ లూడోనో తెల్వది, వాడకపోతే లూడోనే అని తెల్వది. అష్టా చెమ్మా చేసేటోళ్లకు ఇక్కడ తొవ్వ ఉంది, పాచిక జాగల గవ్వలు ఉంటయి, ఆ గవ్వల తెలుపు ఎనుక ఎర్రమన్ను రంగు ఒక్కటే సాదాగ పెడితే ఆ రంగురంగుల వరుసల ఇదొక్కటే వేరేగ నిలవడ్తది, పటం ఆట అని గూడ అర్థమైతది. దీన్ని చూసుకునుడు సులువు, ఫోన్ల నిజం సెర్చ్ స్క్రీన్‌షాట్ తీసి, మూడో నాలుగో ఐకాన్ మీద మన ఐకాన్ అతికించి, గేమ్ గురించి తెల్వని మనిషికి ఒక్క క్షణం చూపెట్టి ఫోన్ తిప్పేసి, ఏమేం చూసినవ్ అని అడుగుడు. మనది చెప్పకపోతే మళ్ల గీయాలె. అడిగేది గూడ మే నెల ఎండల, బయట, బ్రైట్‌నెస్ సగం పెట్టి, గీతలు పడ్డ స్క్రీన్ గార్డ్ ఉన్న ఫోన్ల అయితే ఇంక మంచిది, ఏసీ రూంల కొత్త ఫోన్ల అన్ని ఐకాన్లు బాగనే ఉంటయి.

స్టోర్ లోపట గూడ టెస్ట్ పెట్టొచ్చు. గూగుల్ ప్లే కన్సోల్ల, అంటే డెవలపర్లు తమ గేమ్‌ను చూసుకునే పేజీల, 2015 కెల్లి స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్ ఉన్నయి, ఇప్పుడున్న ఐకాన్ ఎదురుంగ ఇంకో మూడింటి దాక పోటీ పెట్టి కొంతమందికి ఇది కొంతమందికి అది చూపెట్టొచ్చు. ఆపిల్ 2021ల ఐఓఎస్ 15తోని ఇట్లాంటిదే తెచ్చింది, 90 రోజుల దాక నడుస్తది, గని ఐకాన్లన్ని ముందే యాప్ బిల్డ్ (స్టోర్‌కు పంపే యాప్ ఫైల్) లోపట పెట్టి పంపాలె. అయితే ఈ టెస్టుల లెక్కను చాలమంది తొందరపడి నమ్ముతరు. ఒక్కో ఐకాన్‌ను 100 మంది చూసి, పాతదాంతోని 25 మంది, కొత్తదాంతోని 28 మంది ఇన్‌స్టాల్ చేసిండ్రు అనుకుందాం, కొత్తది గెలిచినట్టా? కాదు, 100 మందిల 25 అనే నంబర్ ఏ కారణం లేకుండనే నాలుగైదు అటు ఇటు ఊగుతది. 1,000 మంది చొప్పున చూసి 250, 280 వస్తే ఆశ పెట్టుకోవచ్చు, గట్టిగ చెప్పలేం. 5,000 చొప్పున చూసి 1,250, 1,400 వస్తే అప్పుడు నమ్మొచ్చు. రోజుకు యాభై మంది గూడ రాని గేమ్‌కు బ్యాక్‌గ్రౌండ్ నీలమా ఊదానా అని టెస్ట్ పెట్టుడు అంటే నెలలు పోగొట్టుకునుడే, అట్లాంటప్పుడు ఒక గేటు ఐకాన్ ఎదురుంగ కాలువ ఐకాన్, ఇట్ల ఆలోచనే వేరున్నవి పెడితే తేడా ఉంటే పెద్దగ కనవడ్తది. వారానికి తక్కువ నడపొద్దు, ఆదివారం ఆడేటోళ్లు వేరు, మంగళవారం ఆడేటోళ్లు వేరు, దసరా సెలవుల్ల వచ్చే పిల్లలు మరీ వేరు.

ఎక్కువ ఇన్‌స్టాళ్లు తెచ్చిందే మంచి ఐకాన్ అనుకుంటే మళ్ల ఇంకో గుంతల పడ్తం. ఐకాన్ల చూపెట్టిన పని గేమ్‌ల లేకపోతే ఇన్‌స్టాల్ చేసినోళ్లు అదే రోజు తీసేస్తరు, ఒక్క స్టార్ ఇచ్చి మరీ పోతరు. యాడ్స్‌ల ఇది పెద్ద పంచాయితీ అయ్యింది గూడ, 2020ల బ్రిటన్‌ల యాడ్స్ మీద నిఘా పెట్టే ఏఎస్ఏ అనే సంస్థ ప్లేరిక్స్ కంపెనీ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ యాడ్స్ రెండింటిని ఆపించింది, యాడ్‌ల ఉన్న ఆటకు, లోపట ఎక్కువగ ఉండే ఆటకు పొంతన లేదని. ఏఐతోని బొమ్మలు చేయించే వాళ్లకు ఈ తిప్పలు ఇంక ఎక్కువ, అది ఇచ్చే బొమ్మ గేమ్‌ల ఉన్నదానికంటే పది రెట్లు మెరుస్తది, లోపటికి పోతే సాదా గళ్లు కనవడ్తయి, పైంగ ప్రతి మూలల వివరాలు నింపుతది కాబట్టి చిన్నగ చేస్తే అదే మురికి.

ఫీచర్ గ్రాఫిక్ గురించి ఒక్కటే, గేమ్‌కు వీడియో పెడితే దీని నడుమల ప్లే బటన్ వచ్చి కూసుంటది, హీరో మొఖం అక్కడ పెడితే ముక్కు మీద బటన్ పడ్తది. స్క్రీన్‌షాట్ల మీద రాసే లైన్ బొమ్మల ఐదోవంతు మించొద్దని గూగులే చెప్తది, మొదటి మూడు నిజం ఆటను చూపెడితే మిగతావి ఎట్లున్నా పెద్ద ఫరక్ పడది.

పండుగలకు ఐకాన్ మార్చుడు ఇప్పుడు మామూలైపోయింది. కిలూ, సైబో అనే డెన్మార్క్ కంపెనీలు 2012ల తెచ్చిన సబ్‌వే సర్ఫర్స్ 2013 జనవరిల న్యూయార్క్‌తోని వరల్డ్ టూర్ షురూ చేసింది, అప్పటి కెల్లి ఊరు మారినప్పుడల్ల కొత్త వేషం, అయినా చూడంగనే ఏ గేమో తెలుస్తది. మన గవ్వల ఐకాన్‌కు గూడ బతుకమ్మ టైంల ఎర్రమన్ను రంగు అట్లనే ఉంచి మూలకు ఒక్క తంగేడు పువ్వు పెట్టొచ్చు. చూసుకోవాల్సింది ఏందంటే ప్లే స్టోర్ ఐకాన్ కన్సోల్ల ఎప్పుడంటే అప్పుడు మార్చొచ్చు గని, జనం ఫోన్ల ఉన్న ఐకాన్ మారాలంటే యాప్ అప్‌డేట్ పంపాలె, దానికి రివ్యూ టైం పడ్తది, అందరు అదే రోజు అప్‌డేట్ చేసుకోరు. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి రెండూ ఒక్కతీరు ఉండాలంటే అప్‌డేట్ రెండు మూడు వారాల ముందే పోవాలె, పాత ఐకాన్‌కు తిరిగి వచ్చేదానికి గూడ ఇంకో అప్‌డేట్ రెడీ చేసి పెట్టుకోవాలె, లేకుంటే సంక్రాంతి దాక ఆ తంగేడు పువ్వు అట్లనే ఉంటది.